పారసీక సరస్వతిని తెలుగింటికి దెచ్చిన బూర్గుల రామకృష్ణారావుగారు

ఒక సంఘము తన పెద్దలను స్మరించుకొనుటలో రెండు విధములు కలవు. వారు వహించిన పదవుల పట్టికను జదివి గర్వించుట మొదటి విధము. వారు చేసిన పనిని పరిశీలించి, అందు సఫలమైనదేదియో, అసంపూర్ణముగ మిగిలినదేదియో గుర్తించి, ఆ మిగిలిన భారమును మనము కొంతయైన నెత్తికెత్తుకొనుట రెండవ విధము. వార్షిక మహాసభల సంచికలలో మొదటి విధమగు వ్యాసములకు కొఱత లేదు. కీర్తిశేషులు బూర్గుల రామకృష్ణారావుగారిని గూర్చి మేము రెండవ విధముననే వ్రాయ సంకల్పించితిమి. ముఖ్యమంత్రిగ, గవర్నరుగ వారిని ఎఱుగనివారు మనలో నుండరు. కాని పారసీక వాఙ్మయమును సాంగముగ చదివి, ఆ రసమును తెలుగువారికి పంచిపెట్టిన పండితులుగ వారిని ఎఱిగినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. కావున ఈ వ్యాసమున ఆ భాగమునకే పెద్దపీట వేయుచున్నాము.

పారసీకము మన కుటుంబములకు క్రొత్త భాష కాదు. గోలకొండ సుల్తానుల కాలము మొదలుకొని మనవారిలో పెక్కురు ఆ భాషను నేర్చి కొలువులు చేసిరి. తానీషా ప్రభువునొద్ద అక్కన్న మాదన్నలు ఎంతటి అధికారము నెఱపిరో వేఱుగ చెప్పనక్కఱలేదు. గ్రామ లెక్కలు వ్రాయు కరణములు, దేశపాండ్యాలు, కచేరీ గుమాస్తాలు ఆ భాష లేనిదే దినము గడపజాలకుండిరి. దరఖాస్తు, దస్తావేజు, బందోబస్తు, వసూలు, సిఫారసు, రోజు అను మాటలు నేడు చదువురాని రైతు నోటను సహజముగ పలుకుచున్నవనిన, ఆ సంపర్కమెంత గాఢమో తెలియగలదు. ఇబ్రహీం కుతుబ్ షా మల్కిభరాముడను పేర తెలుగు కవులచే కీర్తింపబడెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమొనర్చెను. పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగు యయాతిచరిత్రమును అమీనుఖానునకు అంకితమిచ్చెను.

ఇంతటి సంపర్కముండియు ఒక పెద్ద లోపము మిగిలిపోయెను. మనవారు పారసీకమును జీవనోపాధికై నేర్చిరేగాని, ఆ భాషలోని కావ్యములను తెలుగు చేయుటకు పూనుకొన్నవారు అరుదు. సనదులు చదివిన కన్నులు సాదీని చదువలేదు. చదివినను ఆ రుచిని ఇరుగుపొరుగువారికి చెప్పలేదు. కొలువు పోయినంతనే భాషయు పోయెను. మూడు నాలుగు వందల యేండ్లు మన యింటి వాకిట నిలిచిన ఒక మహావాఙ్మయమును లోనికి పిలిచి పీటవేసి కూర్చుండబెట్టిన కొలదిమందిలో బూర్గులవారొకరు. వారి జీవితమందలి విశేషమిదియే.

రామకృష్ణారావుగారు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన, నాటి మహబూబునగరము జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింగరావుగారు, తల్లి రంగనాయకమ్మగారు. వారి యింటిపేరు పుల్లంరాజువారు. షాదునగరు సమీపమున నున్న బూర్గుల గ్రామమునుబట్టి బూర్గులవారను పేరు వ్యవహారమున నిలిచెను. హైదరాబాదున ధర్మవంత్, ఎక్సెల్సియర్ పాఠశాలలలో విద్య నభ్యసించి, పిమ్మట పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలో చేరి పట్టభద్రులైరి. బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టమును 1923లో పొంది, హైదరాబాదునకు మరలివచ్చి న్యాయవాదవృత్తి నవలంబించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, మహారాష్ట్రము, కన్నడము, ఆంగ్లము వారికి స్వాధీనములయ్యెను. మూడు భాషల ప్రజలు కలసి నివసించు ఆ సంస్థానమున ఇన్ని భాషలు వచ్చుట అలంకారము మాత్రమే కాదు. కచేరీలో ఒక భాష, వీధిలో ఒక భాష, పూజామందిరమున ఒక భాష నడచుచుండిన కాలమది.

వారు యౌవనమున అడుగిడునప్పటి సంస్థాన స్థితిని కొంచెము వివరింపవలసియున్నది. నిజాం రాజ్యమున పదునాఱు జిల్లాలుండెను. అందు ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మహారాష్ట్ర జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. రాజ్యవ్యవహారములు చిరకాలము పారసీకమున నడచి, పందొమ్మిదవ శతాబ్ది చివర ఉర్దూలోనికి మాఱెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఉర్దూయే బోధనభాష. జనసంఖ్యలో దాదాపు సగముగ నున్న తెలుగువారి భాషకు కచేరీలోగాని, కళాశాలలోగాని ఆసనము లేకుండెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినప్పుడు సభలో కొందఱు గేలిచేసి వారిని మాటలాడనీయలేదు. ఆ యవమానమునుండియే నిజాము రాష్ట్రాంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసిరి. రామకృష్ణారావుగారు ఆ యుద్యమమున ప్రముఖులై పనిచేసిరి.

ఆ సంఘము మొదట పూనిన పనులు చూడ చిన్నవి. గ్రంథాలయములు నెలకొల్పుట, తెలుగు పాఠశాలలకై అర్జీలు పెట్టుట, వర్తకులకు చట్టములు తెలియజెప్పుట, వెట్టిచాకిరిని ఖండించుచు చిన్న పుస్తకములు ప్రకటించుట మొదలైనవి. కాని సభ జరుపుటకే అనుమతి కావలసిన దేశమున ఇవి చిన్న పనులు కావు. ఆ కార్యక్రమమే పెరిగి ఆంధ్రమహాసభగా రూపొందెను. మొదటి మహాసభ 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. రెండవది 1931లో దేవరకొండయందు జరుగగా, దానికి అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావుగారే. అప్పటికి వారి వయస్సు ముప్పదిరెండేండ్లు. ఒకవైపు న్యాయస్థానమున ఉర్దూలో వాదములు, మఱియొకవైపు తెలుగు సభలకు అధ్యక్షత, రాత్రివేళ పారసీక గ్రంథముల పఠనము. ఈ మూడును ఒకే మనుజునియందు కలహములేక ఇమిడియుండెను.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. భాషాభిమానముతో పోరాడువారికి, తమ్ము అణచిన ప్రభుత్వము వాడు భాషపై ద్వేషము కలుగుట సహజము. అట్టి ద్వేషమునకు కారణము వెదుకనక్కఱయే లేని కాలమున బూర్గులవారు దానికి తావీయలేదు. ప్రభుత్వము వేఱు, వాఙ్మయము వేఱు. హాఫిజు ఎవ్వరికిని ఉద్యోగమును నిరాకరింపలేదు. రూమీ ఎవ్వరిచేతను వెట్టి చేయింపలేదు. తెలుగునకు రావలసిన న్యాయమునకై సభలలో నిలిచి వాదించుచునే, పారసీకమునందలి సంపదను తెలుగునకు చేర్చిరి. పోరాటమున గెలిచినవారు సైతము అనేకులు ఈ వివేకమును పోగొట్టుకొనుట మనము చూచియున్నాము. కావుననే దీనిని వారి గుణములలో మొదటిదిగ ఎన్నుచున్నాము.

వారి పారసీక కృషి రెండు తెఱగులు. ఒకటి చరిత్ర రచన, రెండవది అనువాదము. పారశీక వాఙ్మయ చరిత్రయను గ్రంథమున వారు ఆ భాషయందలి కవితావికాసమును తెలుగు పాఠకునకు పరిచయము చేసిరి. సాహిత్య వ్యాసములను సారస్వత వ్యాస ముక్తావళి యను సంపుటముగ వెలువరించిరి. పారసీకమనగానే మనవారికి ఉమరు ఖయ్యాము పేరొక్కటియే స్ఫురించును. అది అసంపూర్ణ జ్ఞానము. రాజుల గాథలను వేలకొలది పద్యములలో కూర్చిన ఫిరదౌసీ, 1258లో గులిస్తాను రచించి నీతిని కథలలో పొదిగిన సాదీ, భక్తిని ప్రేమభాషలో పలికిన రూమీ, గజలునకు పరిపాకము కల్పించిన హాఫిజు, ఈ పరంపరనంతయు ఎఱిగిననేగాని ఖయ్యాము స్థానమేదియో తెలియదు. పోతనను, వేమనను, క్షేత్రయ్యను ఎఱుగనివానికి తెలుగు కవిత్వమును ఒక్క శతకముతో పరిచయము చేసిన నెట్లుండునో ఇదియు నట్లే. అందుచేత చరిత్ర వ్రాయుట అనువాదముకంటె తక్కువ సేవ కాదు.

ఖయ్యాము విషయమున మఱియొక చిక్కు కలదు. ఆయన 1048 మొదలు 1131 వఱకు జీవించిన నిషాపూరు పండితుడు. బీజగణితమున గొప్ప గ్రంథము రచించినవాడు. 1079లో ప్రవేశపెట్టబడిన జలాలీ పంచాంగ సంస్కరణమున పాల్గొన్న జ్యోతిశ్శాస్త్రవేత్త. ఆయన పేర చెల్లు రుబాయీలను 1859లో ఫిట్జ్‌జెరాల్డు ఆంగ్లమున స్వేచ్ఛగ అనువదించి లోకప్రసిద్ధి కల్పించెను. తెలుగున ఖయ్యామును వ్రాసినవారిలో పెక్కురు ఆ యాంగ్లమునే ఆధారముగ గొనిరి. ఉమర్ అలీషా కవిగారు, పానశాలను రచించిన దువ్వూరి రామిరెడ్డిగారు మూలమునే చదివి తెలిగించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు 1932లో మూలమును, ఆంగ్లమును రెంటిని ముందుంచుకొని సంస్కృతమునను అచ్చతెలుగునను పద్యములు కూర్చిరి. ఖయ్యామును మూలమునుండి తెలుగు చేసిన ఈ వరుసలో బూర్గులవారును చేరుదురు.

మూలమునుండి చేయుటకును, మఱియొక భాషమీదుగ చేయుటకును భేదమేమని కొందఱు ప్రశ్నింపవచ్చును. రుబాయీ నాలుగు పాదముల చిన్ని పద్యము. మొదటి, రెండవ, నాలుగవ పాదములకు అంత్యప్రాస కుదురును. మూడవ పాదము సాధారణముగ విడిగ నుండును. ఆ విడిపాదమున భావమొక మలుపు తిరిగి, నాలుగవ పాదమున బాణమువలె తగులును. మన పద్యమునకు ప్రాస పాదాదియందలి రెండవ అక్షరమున నుండును. మధ్యమున యతి నిలుచును. కావున మూలమునందలి నాదము తెలుగున యథాతథముగ రానేరదు. ఆ మూడవ పాదపు మలుపును మాత్రము కాపాడవచ్చును. మూలమును చదువనివానికి ఆ మలుపున్న సంగతియే తెలియదు. ఇదికాక సాకి, మద్యము, పానపాత్రము అను మాటలు సూఫీ కవుల సంప్రదాయమున ఒక్కొకచోట గురువును, ప్రేమను, హృదయమును సూచించును. ఒక్కొకచోట మద్యమే మద్యము. ఎచ్చట ఏ యర్థమో ఆ భాషలోని ఇతర కవులనుగూడ చదివినవాడే నిర్ణయింపగలడు. బూర్గులవారి వాఙ్మయచరిత్ర జ్ఞానము వారి అనువాదమునకు పునాది యగుట ఇందువలననే.

ఖయ్యామునకంటెను వారి హృదయమును తెలుపు ఎన్నిక మఱియొకటి కలదు. అది సర్మదు రుబాయీల అనువాదము. సర్మదు కథ మన సంఘీయులలో ఎందఱికో తెలియనిది గనుక కొంచెము విరివిగ చెప్పుచున్నాము. ఆయన పారసీక దేశమునందలి కాషాను ప్రాంతమువాడనియు, యూదుల యింట బుట్టినవాడనియు చెప్పుదురు. వర్తకమునకై సింధులోని ఠట్టా పట్టణమునకు వచ్చి, అచ్చట అభయచందుడను హిందూ యువకునిపై అనురాగముతో సర్వమును విడిచి, వస్త్రమునుసైతము త్యజించి అవధూతయై తిరుగజొచ్చెను. ఆయన మన హైదరాబాదునకును వచ్చియుండెను. నానామతముల వృత్తాంతములు తెలుపు దబిస్తానను పారసీక గ్రంథమును రచించినవాడు 1647లో సర్మదును హైదరాబాదుననే కలిసికొనెను. అప్పుడు గోలకొండను అబ్దుల్లా కుతుబ్ షా యేలుచుండెను. పిమ్మట సర్మదు ఢిల్లీ చేరి దారా షికోహునకు ఆప్తుడయ్యెను. ఉపనిషత్తులను పారసీకమునకు తెచ్చిన ఆ రాజకుమారుడు 1659లో చంపబడెను. తరువాత రెండేండ్లకు, సుమారు 1661లో, ఔరంగజేబు ఆజ్ఞచే సర్మదునకు శిరచ్ఛేదమయ్యెను. విశ్వాసవాక్యమును పూర్తిగ పఠింపుమని అధికారులు కోరగా, దేవుడు లేడను అర్థమునిచ్చు తొలిభాగము దగ్గఱనే ఆగి, తానింకను అంతవఱకే చేరితినని సమాధానమిచ్చెనని ప్రతీతి. ఆయన సమాధి ఢిల్లీ జామా మసీదు సమీపమున నేటికిని కలదు.

యూదుల యింట పుట్టి, మహమ్మదీయుల విద్యలు నేర్చి, హిందూ యువకునితో జీవించి, మతాధికారమునకు తలవంచక తలనే యిచ్చిన ఒక కవిని, శ్రీకృష్ణునిపై శతకము వ్రాసిన తెలుగు బ్రాహ్మణుడు తన భాషలోనికి తెచ్చుకొనెను. ఆ యెన్నికనుగూర్చి వేఱు వ్యాఖ్య అక్కఱలేదు. మతద్వేషములు ప్రబలి రక్తపాతములకు దారితీసిన కాలమున, అట్టి ద్వేషములను స్వయముగ చూచిన నగరమున నివసించినవారు వారు. అదే చేతితో జగన్నాథ పండితరాయల లహరులను పండితరాజ పంచామృతముగ తెలుగు చేసిరి. శంకరుల సౌందర్యలహరిని, కనకధారాస్తవమును అనువదించిరి. జగన్నాథుడును మొగలు కొలువున మన్ననలందిన తెలుగువాడే యనుట ఇచ్చట స్మరింపదగును. రెండు వాఙ్మయములకు నడుమ గోడ కలదని వాదించువారికి బూర్గులవారి గ్రంథముల వరుసయే ప్రత్యుత్తరము.

ఇక వారి రాజకీయ జీవితమునకు వత్తము. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు ఏర్పడగానే ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము 1946 వఱకు తొలగలేదు. ఆ కాలమున వారు కారాగారవాసముగూడ అనుభవించిరి. నిషేధము తొలగిన పిదప అధ్యక్షపదవికి జరిగిన యెన్నికలో స్వామి రామానందతీర్థులవారు స్వల్పాంతరముతో బూర్గులవారిపై గెలిచిరి. రామానందతీర్థులవారిది తీవ్రమార్గము, బూర్గులవారిది మితమార్గము. 1948 సెప్టెంబరున భారతసైన్యములు ప్రవేశించుటతో నిజాం నిరంకుశత్వము ముగిసెను. 1950లో వెల్లోడిగారి మంత్రివర్గమున రామకృష్ణారావుగారు రెవెన్యూ మంత్రులైరి. వారియొద్ద జూనియరు న్యాయవాదిగ పనిచేసిన పాములపర్తి వెంకట నరసింహారావుగారు పిమ్మట భారతదేశమునకే ప్రధానమంత్రియగుట అందఱెఱిగినదే.

రెవెన్యూ శాఖ అప్పుడు పూలపాన్పు కాదు. తెలంగాణమున రైతుల సాయుధపోరాటము నడచుచుండెను. జాగీరులు 1949లో రద్దయ్యెను. కాని జాగీరులు కాని భూములలో కౌలుదార్ల స్థితి మాఱలేదు. 1950 జూనులో హైదరాబాదు కౌలుదారీ చట్టము అమలునకు వచ్చెను. ఆఱేండ్లు వరుసగ భూమి సాగుచేసిన కౌలుదారునకు రక్షిత కౌలుదారుడను హోదా నిచ్చి, ఇచ్చవచ్చినట్లు తొలగింపరాదని ఆ చట్టము శాసించెను. దానిని నడపు భారము బూర్గులవారిపై పడెను. వారు ముఖ్యమంత్రిగ నుండగా 1954లో ఆ చట్టమునకు సవరణ జరిగి, రక్షిత కౌలుదారుడే భూస్వామి యగుటకు వీలు కల్పించు 38-ఇ యను ప్రకరణము చేర్చబడెను. కుటుంబమునకు గల భూమికి పరిమితియు నిర్ణయింపబడెను.

ఈ చట్టము మన సంఘీయులకు ప్రియమైనది కాదు. మనవారిలో ననేకులు వతనుదారులు, దేశపాండ్యాలు, భూవసతి గలవారు. తమవాడు ముఖ్యమంత్రియైనందులకు పూలదండలు వేసిన చేతులే, తమ కౌలుదారుల పేరులు రిజిస్టరున చేరినప్పుడు నుదుట కొట్టుకొనెను. ఆ మాట ఇట్టి సంచికలలో వ్రాయుట ఆచారము కాదు, అయినను వ్రాయుచున్నాము. తన వారికి నష్టము కలిగించు న్యాయమును చేయుటయే న్యాయవాది ధర్మమునకు పరీక్ష. ఆ పరీక్షలో బూర్గులవారు నిలిచిరి.

నిలిచిరేకాని పూర్తిగ గెలిచిరని చెప్పజాలము. ఖుస్రో పండితుడు ఈ చట్టముల ఫలితమును గ్రామగ్రామమున పరిశోధించి 1958లో ప్రకటించిన గ్రంథమునుబట్టి చూడగా, రక్షిత కౌలుదార్లలో గణనీయమైన భాగము కొలది యేండ్లలోనే భూములనుండి తొలగింపబడిరి. కొందఱిని అక్రమముగ వెడలగొట్టిరి. కొందఱిచే స్వచ్ఛందముగ విడిచినట్లు కాగితములు వ్రాయించిరి. 38-ఇ ప్రకరణము మొదట ఖమ్మము ప్రాంతమునందును మఱికొంత భాగమునందును మాత్రమే అమలై, తెలంగాణమంతటను అమలగుటకు 1973 వఱకు పట్టెను. చట్టము వ్రాసినంత సులభముగ సంఘము మాఱదు. లెక్క వ్రాయు కలము ఎవని చేతనుండెనో భూమియు వాని చేతనే చిరకాలము మిగిలెను. ఆ కలము పట్టినవారిలో మనవారును ఉండిరి. ఈ విషయమును దాచిపెట్టి బూర్గులవారిని కీర్తించుట వారికి గౌరవము కాదు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో 175 స్థానములుగల హైదరాబాదు శాసనసభయందు కాంగ్రెసునకు 93 స్థానములు లభింపగా, రామకృష్ణారావుగారు మార్చి 6వ తేదీన ముఖ్యమంత్రి పదవి స్వీకరించిరి. ఆ రాష్ట్రమునకు ఎన్నికద్వారా వచ్చిన ముఖ్యమంత్రి వారొక్కరే. ఆ యేడే సెప్టెంబరున ముల్కీ ఉద్యమము చెలరేగి, హైదరాబాదున పోలీసుల కాల్పులలో యువకులు మరణించిరి. స్థానికులకు ఉద్యోగములు దొరకుటలేదను ఆ వేదన న్యాయమైనది. వారి పాలనమున ఇదియొక చీకటి యధ్యాయముగ మిగిలెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేయుట వారి కాలమందలి వెలుగు. కృష్ణకు ఇరుగట్లనున్న రెండు ప్రభుత్వములు కలసి తలపెట్టిన కార్యమది.

అదే సమయమున రాష్ట్రముల పునర్విభజన ప్రశ్న వచ్చెను. ఫజలలీ సంఘము 1955లో తెలంగాణమును కొంతకాలము ప్రత్యేకముగ నుంచి, 1961 ఎన్నికల పిదప శాసనసభలో మూడింట రెండువంతులవారు కోరినచో ఆంధ్రతో కలుపవచ్చునని సూచించెను. బూర్గులవారు మొదట సందేహించిరి. తెలంగాణ ప్రజలలో పెక్కుమందికి విలీనమునందు భయములు కలవని కాంగ్రెసు పెద్దలకు తెలియజేసిరి. తుదకు విశాలాంధ్రమునకు సమ్మతించిరి. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో కుదిరిన పెద్దమనుష్యుల ఒప్పందమున తెలంగాణ పక్షమున సంతకము చేసిన నలుగురిలో వారొకరు. తక్కినవారు కొండా వెంకట రంగారెడ్డి, మఱ్ఱి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావుగారలు. ఆ యొప్పందమందలి హామీలు నిలుపబడలేదను వేదన 1969 ఉద్యమమునకును, తుదకు 2014లో తెలంగాణ రాష్ట్రావతరణమునకును దారితీసెను. సందేహించిన బూర్గుల, సమ్మతించిన బూర్గుల, ఇద్దఱిలో ఎవరు సరియైనవారో పాఠకులు తమ తమ మనస్సులలో విచారించుకొందురుగాక. ఒక్కటి మాత్రము నిశ్చయము. సమ్మతించుటవలన వారికి కలిగినది లాభము కాదు. తాము ముఖ్యమంత్రిగనున్న రాష్ట్రమే 1956 అక్టోబరు 31తో అంతరించెను. క్రొత్త రాష్ట్రమునకు నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి కాగా, బూర్గులవారు కలహింపక తప్పుకొనిరి.

పిమ్మట వారు కేరళ గవర్నరులైరి. 1957 ఏప్రిలులో నంబూద్రిపాదుగారి కమ్యూనిస్టు మంత్రివర్గముచే ప్రమాణము చేయించినది వారే. 1959 జూలై 31వ తేదీన ఆ మంత్రివర్గము రాష్ట్రపతి యుత్తరువుచే తొలగింపబడినప్పుడు గవర్నరుగ నున్నదియు వారే. ఆ తొలగింపు న్యాయమా అన్యాయమా యను వాదము నేటికిని సమసిపోలేదు. కౌలుదారీ చట్టమునకై ఒక రాష్ట్రమున శ్రమించినవారు, భూసంస్కరణములు తలపెట్టిన మఱియొక ప్రభుత్వము పతనమును అధికారస్థానమునుండి చూడవలసివచ్చుట విధివైచిత్ర్యము. 1960 మొదలు 1962 వఱకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగ లక్నోయందుండిరి. ఉర్దూ పారసీకములకు పుట్టినిల్లువంటి ఆ నగరమున ఇట్టి విద్వాంసుడు రాజభవనమున నుండుట ఆ పదవికే శోభ. తరువాత రాజ్యసభ సభ్యులుగ కొంతకాలముండి, 1967 సెప్టెంబరున హైదరాబాదున పరమపదించిరి.

వారి జీవితము మన సంఘమునకు ఏమి చెప్పుచున్నది? పదవులు మనకు రావలెనని చెప్పుట లేదు. పదవులు వచ్చినవి, పోయినవి. వారు పాలించిన రాష్ట్రమే పటములో లేదు. మిగిలినవి పుస్తకములు. కావున మా మనవి పుస్తకములను గూర్చియే. పాత దేశపాండ్యాల యిండ్లలో, కరణముల యిండ్లలో, అటకలమీద పారసీక లిపిలోని సనదులు, ఫర్మానాలు, లెక్కల చుట్టలు చెదలకు ఆహారమగుచున్నవి. అవి ఏ యూరి చరిత్రమో, ఏ కౌలుదారుని హక్కో, ఏ దేవాలయపు మాన్యమో చెప్పగలవారు ఆ యింట లేరు. చదువువచ్చిన తాతకును చదువరాని మనుమనికిని నడుమ ఒక భాష చచ్చిపోయినది. సమాజచరిత్ర వ్రాయ నుద్దేశించు విద్యార్థికి ఇంతకంటె విలువగల సామగ్రి లేదు.

మహాసభవారు ఈ సంవత్సరము రెండు పనులు తలపెట్టవలెనని మేము కోరుచున్నాము. మొదటిది, మన కుటుంబములయందలి ఇట్టి పత్రముల పట్టిక తయారుచేసి, వానిని ప్రభుత్వ ప్రాచీన పత్రాగారమునకుగాని విశ్వవిద్యాలయమునకుగాని అప్పగించుట. అందు మన పూర్వులకు అపకీర్తి తెచ్చు లెక్కలున్నను దాచరాదు. రెండవది, పారసీకము నేర్చి ఆ పత్రములను చదువ నుత్సాహించు ఒక విద్యార్థికి లేదా విద్యార్థినికి ఏటేట బూర్గులవారి పేర వేతనమొసగుట. ఆ విద్యార్థి మన సంఘమువాడే కావలెనను నియమము పెట్టకుందుముగాక. సర్మదును తెలుగు చేసినవాని పేర నెలకొల్పు వేతనమునకు కులముల గోడ కట్టిన, ఆ పేరు పెట్టకుండుటయే మేలు.

ఈ తీర్మానమును ప్రతిపాదించుటకు సభలో ఎవరైన లేచినయెడల, బలపఱచుటకు మేము సిద్ధముగ నున్నాము.